కడిగిన రాయి

బట్టీ ఫోర్‌మన్‌ని ఆయన బావమరిది "రాతినూనె బావ" అని ఏడిపించేవాడు. నూనె ఉన్న రాయిని పగలగొట్టి, గాలి చొరని బట్టీలో కాలిస్తే ఆవిరి వస్తుంది. ఆ ఆవిరిని చల్లారిస్తే నూనె. చెప్పుకోవడానికి ఎంత తేలిక! నమూనాకని కట్టిన చిన్న బట్టీలో నూనె వస్తూనే ఉంది, అమ్ముకునేంత రావడం మాత్రం ఎప్పుడూ వచ్చే ఏడే. ఆ వచ్చే ఏడుని నమ్ముకుని ఆయన మంచి మంచి ఉద్యోగాలు కాలదన్నుకున్నాడు.

బట్టీకి పట్టిన శని దుమ్ము. రాతిపొడి లోపల అడ్డుపడి నూనె ధార తెగిపోయేది. గొట్టాలు దులిపి దులిపి ఆయనకు ప్రాణం విసిగిపోయింది. ఇంటికొస్తే, ఒంటినిండా నూనె కంపని ఇల్లాలు స్నానం చేస్తే గాని గడప దాటనిచ్చేది కాదు.

"ఈ కంపు మనకెప్పుడు కలిసొస్తుందండీ?" అని అడిగేది.

"కంపెనీ పైవాళ్ళు వచ్చి ఒక్కసారి చూడనీ" అనేవాడు.

చివరికి వాళ్ళు వస్తున్నారని కబురొచ్చింది. వాళ్ళ కళ్ళముందు నూనె ధార ఆగకుండా పడితే పెద్ద బట్టీ కడతారు, లేదంటే ఉన్నదీ మూసేస్తారు. ఈ ఒక్క రోజూ దుమ్ము బాధ ఉండకూడదనుకున్నాడు ఫోర్‌మన్. ముందురోజు రాళ్ళకుప్పకు పైపు పెట్టించి, దగ్గరుండి కడిగించాడు. కుప్ప పెళ్ళికూతురిలా మెరిసింది. మేనేజరు భుజం తట్టాడు. అంత అనుభవం ఉండీ ఒక్కరికీ తట్టలేదు చూడండి, పొరలు పొరలుగా ఉండే రాయి నీళ్ళు తాగదా?

మర్నాడు కోతిపుండు బ్రహ్మరాక్షసి అయింది. బట్టీ వేడంతా తడి ఆరడానికే చాలలేదు. మిగిలిన పొడి బురదై గొట్టాన్ని దాదాపు పూడ్చింది. నూనె పట్టే గాజు జాడీ చుట్టూ అందరూ నిలబడి ఉండగా, అందులో బొట్టు బొట్టుగా మంచినీళ్ళలాంటి నీళ్ళు పడ్డాయి.

"నీళ్ళు బాగానే తీస్తున్నారే" అన్నాడు వచ్చినవాళ్ళలో పెద్దాయన, ఎంతో మర్యాదగా. తర్వాత కార్లెక్కి వెళ్ళిపోయారు.

ఫోర్‌మన్‌కి ఒళ్ళు మండిపోయింది. ఎవరినైనా తిడదామంటే పైపు పట్టించింది తనే. దులిపే గొట్టాలు కూడా ఇక ఉండవు.

సాయంత్రం ఇంటికొచ్చి, అలవాటు కొద్దీ తిన్నగా బయటి స్నానాలగది వైపు నడిచాడు. ఇల్లాలు ఎదురొచ్చి తువ్వాలు ఇవ్వబోయి ఆగింది.

"ఇవాళ అక్కర్లేదులెండి. కంపే లేదు" అంది నవ్వుతూ.

అన్నాక గాని కంపు లేదంటే ఏమిటో ఆమెకు అర్థం కాలేదు. ఆయన గడప మీదే కూలబడ్డాడు.