ఇసక్కిసెల్వి కట్టిన ఆటపెట్టె

కోవిల్‌పట్టిలో పొద్దున్నే అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ వ్యాను ఎక్కే ఆడవాళ్లలో ఇసక్కిసెల్వి ఒకతె. పగలంతా చట్రంలో పుల్లలు పేర్చిన వేళ్లు ఇంటికొచ్చినా ఊరుకోవు, చీర కుచ్చిళ్లనే పేరుస్తుంటాయి. ఆడపిల్లలకు ఇక్కడేం పనని బజారులో వీడియో గేముల కొట్టువాడు గుమ్మంలోనే ఆపేసిన రోజున, ఇంట్లో పాత బీరువా తలుపులు ఊడబీకి తానే ఒక ఆటపెట్టె కట్టడం మొదలుపెట్టింది. టీవీ, గేము బోర్డు సులభంగానే దొరికాయి. జాయ్‌స్టిక్ కోసం మాత్రం విరుదునగర్ పాత సామాన్ల కొట్టులో స్టూలేసుకుని కూర్చుంది. ఒక్కొక్కదాన్నీ ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని నాలుగు పక్కలకూ తోసింది. టిక్కుమనాలి, వదిలితే ఊగకుండా నడిమికి రావాలి. అన్నీ వద్దని వద్దని, చివరికి పిడి రంగుపోయిన ఒకదాన్ని కొంగున మూటగట్టుకుంది.

ఆదివారం జాయ్‌స్టిక్‌ను పెట్టె పలకకు బిగించి, దాని ముందువైపు స్విచ్చుకు ముందుకు పోయే తీగ, వెనకదానికి వెనక్కి పోయే తీగ, అట్లాగే కుడి ఎడమలకూ సోల్డరింగ్ చేసింది. ఆట పెట్టి పిడిని ముందుకు తోస్తే తెరమీద విమానం వెనక్కి పోయింది. తమ్ముడు ఇసక్కిరాజా పగలబడి నవ్వాడు.

"అంతా తలకిందలుగా పోతాది చూడక్కా! మెకానిక్ కాడ ఇయ్యి అని అప్పుడే చెప్తిని కదా."

 ఇసక్కిసెల్వి మళ్లీ పిడిని ముందుకు తోస్తూ, పలక కిందికి వంగి చూసింది. పిడి ముందుకు పోతే పలక లోపలున్న దాని కింది కొస వెనక్కి వాలి, వెనక స్విచ్చునే నొక్కుతోంది. తీగ ఒక్కటీ ఊడదీయలేదు. నాలుగు మరలు విప్పి, వెనక స్విచ్చు ముందుకొచ్చేలా జాయ్‌స్టిక్‌నే తిప్పి బిగించింది. విమానం చెప్పిన మాట వింది.

"అక్కా, నేనొక్క ఆట!" తమ్ముడు చెయ్యి చాచాడు.

వాకిట్లో కాచుకునున్న ఫ్యాక్టరీ స్నేహితురాళ్లను ఆమె లోపలికి పిలిచింది.

"ఆడోళ్లంతా అయినాకరా. పోయి వరసలో నిలువు."