బస్సు ఎక్కనివాళ్ళ సినిమా

మా నాన్నకి సినిమా పిచ్చి. మా అమ్మకి సినిమా పాపం. బాప్తిస్మం తీసుకున్న రోజు నుంచి ఆమె హాలు గడప తొక్కలేదు. నాన్న కూడా ఆ రోజే, ఆ నీళ్ళలోనే మునిగాడు గానీ ఆయనకి ఆ సంగతి అంతగా గుర్తుండేది కాదు. కోటబొమ్మాళిలో అక్కని చూసొస్తానని బయలుదేరి, టెక్కలిలో మ్యాట్నీ చూసుకుని వచ్చేవాడు. మా మేనత్త బతికున్నన్నాళ్ళూ ఆ సాకు నడిచింది. ఆమె పోయాక కూడా అలవాటు కొద్దీ ఒకసారి అదే చెప్పి వెళ్ళాడు. అమ్మ అన్నం వడ్డిస్తూ, "మీ అక్క ఏటంతంది?" అని అడిగింది. "బాగానే ఉన్నానంది" అన్నాడు నాన్న, తల ఎత్తకుండా. సంఘంలో అందరికీ ఈ సంగతి తెలుసు. ఎవరూ పెద్దగా పట్టించుకునేవారు కాదు.

నాన్నది కొబ్బరికాయలు వలిచే పని. ఇసుకలో పాతిన గునపం మీద కాయని ఇలా గుచ్చి అలా తిప్పితే పీచు ఊడి వచ్చేది. అలాంటి మనిషి ఒక ఎండాకాలం పూట పని సగంలో గునపం వదిలేసి నీడకి వెళ్ళి కూర్చున్నాడు. మా ఉద్దానంలో మనిషి అలా కూర్చుంటే ఎందుకో ఎవరూ అడగరు. పలాసలో రక్తం తీశారు, శ్రీకాకుళం పంపారు, అక్కణ్ణుంచి విశాఖపట్నం. రెండు కిడ్నీలూ పోయాయన్నారు, మా వైపు ఇంటికొకరికి పోయినట్టే. ఎందుకు పోయాయంటే ఒకరు నీళ్ళన్నారు, ఒకరు నేలన్నారు, ఒకరు తెలియదన్నారు. కొన్నాళ్ళు రైల్లో తీసుకెళ్ళి రక్తం శుద్ధి చేయించాం. ఒకరోజు నాన్న మంచం కోడు పట్టుకుని, "ఇంక నన్ను రైలెక్కించకండి" అన్నాడు. నాకు ఆయన మీద కోపం, డాక్టర్ల మీద కోపం, దేవుడి మీద మరీ కోపం. చివరి కోపం ఇప్పటికీ తగ్గలేదు. దాచుకోవడం కూడా మానేశాను.

అమ్మకి ఎవరి మీదా కోపం లేదు. ఆమె పలాసలో జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్ళేది. ఆ పిక్కల తొక్కలోంచి కారే నూనెకి వేళ్ళు నల్లబడి తోలు లేచిపోయేది. ఆ వేళ్ళతోనే నాన్న కాళ్ళు పడుతూ, ఇక్కడ విడిపోయినా అక్కడ కలుస్తాం గదా అనుకుంటూ రోజులు నెట్టేది. ఆ ధైర్యమే ఆమెకి తిండీ నిద్రా. మా పాస్టరు అయ్యగారు ప్రార్థన చెయ్యడానికి వచ్చినప్పుడు, ఆ మాట ఆయన నోట వినాలని ఆశపడి అడిగింది.

"అయ్యగారూ, ఆడికెల్లినాక మాం ఇద్దరం ఒక్క కాడే ఉంటాం గదా?"

ఆయన మంచివాడు. యథార్థవాది లోకవిరోధి అంటారే, ఆ రకం. అక్కడ పెళ్ళిళ్ళు ఉండవనీ, మొగుడూ పెళ్ళాం అనేది ఈ లోకంతోనే సరి అనీ, అందరూ దూతల్లా ఉంటారనీ చెప్పాడు. ఆదరణ చెబుతున్నాననే అనుకున్నాడు పాపం. అమ్మ తల ఊపింది. వాక్యంలో ఉన్నదాన్ని కాదనే మనిషి కాదు. కానీ ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలగలేదు.

ఆ వారంలోనే నేను పలాసలో ఒక కొట్టు నుంచి టీవీ, డిస్కుల మిషనూ అద్దెకి తెచ్చాను. హాలు దాకా వెళ్ళలేని మనిషికి హాలునే తెద్దామని. నవ్వొచ్చేది ఇవ్వమంటే కొట్టువాడు పేరు కూడా చెరిగిపోయిన డిస్కు ఒకటి చేతిలో పెట్టాడు. మధ్యాహ్నం నాన్న మంచం మీద గోడకి ఆనుకుని కూర్చున్నాడు. అమ్మ వీధి అరుగు మీద మాకు వీపు చూపించి చేటలో బియ్యం ఏరుతోంది.

సినిమా అంతా చచ్చిపోయినవాళ్ళదే. పైలోకంలో ఒక బస్టాండు. పోయినవాళ్ళు ఎవరి బస్సు వాళ్ళు ఎక్కి ఎవరి చోటికి వాళ్ళు పోవాలి. బతికుండగా ఒకరి మొహం ఒకరు ఎరగని ఒక అబ్బాయీ, ఒక అమ్మాయీ అక్కడ వరసలో కలుస్తారు. ముందు జగడం, తర్వాత ప్రేమ. అతను ఆమె కోసం బస్సు వదిలేస్తాడు. ఆమె టికెట్టు పోయిందని అబద్ధమాడి తన బస్సు వదిలేస్తుంది. కండక్టరు జుట్టు పీక్కుంటాడు. మధ్యలో పొగమంచులో పాటలు. నాన్న దగ్గొచ్చేదాకా నవ్వాడు. ముందు అరుగు మీద చేట ఆగింది, తర్వాత మనిషి ఇటు తిరిగింది.

"ఒలే, సూసినావా? ఎక్కకపోతే ఎవులూ బలవంతం సెయ్యరంట" అన్నాడు నాన్న.

"నోరుముయ్యి. పాపం" అంది అమ్మ. మళ్ళీ తనే, "మరి ఆల్లకి తిండో?" అని అడిగింది.

"సచ్చినోల్లకి తిండేటే." మళ్ళీ నవ్వి, ఆ నవ్వు ఆగాక నెమ్మదిగా అన్నాడు: "నువ్వొచ్చీదాకా నాను ఎక్కను. కండక్టరు తన్నినా ఎక్కను."

అమ్మ చేట పక్కన పెట్టింది. సినిమా చివరిదాకా చూసింది.

కొబ్బరితోటల్లో వానలు మొదలవుతుండగా నాన్న పోయాడు. ఆయన జ్ఞాపకార్థం పెట్టిన కూడికలో, మా వాళ్ళ పద్ధతి ప్రకారం, ఒక్కొక్కరూ లేచి సాక్ష్యం చెప్పారు. ఎప్పుడూ లేవని అమ్మ ముసుగు సర్దుకుని లేచింది. ఆమెకి చదువు రాదు. దేవుని మాట ఏదైనా చెవితో విన్నదే. విని నమ్మిన మాటలన్నీ ఆమెకి ఒకే పుస్తకంలోవి.

"దేవుని రాజ్జానికి ముందల ఒక బస్టాండున్నాది" అని మొదలుపెట్టింది. "పోయినోల్లు ఆడ దిగాల. ఎవుల బస్సు ఆల్లకి వొత్తాది. కానీ కావలసినోల్ల కోసం ఆగితే ఎవులూ బలవంతం సెయ్యరు. మా ఆయన ఆడ ఆగినాడు."

ముసలమ్మలు "స్తోత్రం" అన్నారు. వెనక వరసలో ఆ సినిమా ఎప్పుడో చూసిన కుర్రాళ్ళు తలలు దించుకున్నారు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. కూడిక అయ్యాక అయ్యగారు అమ్మ దగ్గరికి వస్తుంటే, ఇప్పుడు ఆ వాక్యం మళ్ళీ చెబుతాడేమోనని భయపడ్డాను. చెబితే ఊరుకునేదాన్ని కాదు.

"అమ్మా, ఈ మాట నీకు ఎవరు చెప్పారు?" అన్నాడాయన.

"ఆయనే సెప్పినాడు బాబూ. ఎక్కనన్నాడు."

అయ్యగారు ఆ వాక్యం ఎత్తలేదు. ఆమె తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి వెళ్ళిపోయాడు. ఆ ఒక్క పనికి నాకు ఆయన మీద గౌరవం.

ఇంక అమ్మ కుదుటపడుతుందనుకున్నాను. పడలేదు. కంచంలో అన్నం కంచంలోనే ఉండేది. బతిమాలాను, కేకలేశాను. నడుముకి చీర నిలవనంతగా చిక్కిపోయింది. ఒక పొద్దున గంజి కూడా వద్దని తోసేస్తే, నువ్వు కూడా పోతావా ఏమిటని అరిచాను.

"బేగి ఎల్లాల గదే" అంది, తెలియనిదానికి చెప్పినట్టు. "కాల్లు పొంగిపోయిన మనిసి. ఎంతసేపని నిలబడతాడు?"

అప్పుడు తెలిసింది నాకు, ఆమె ఎందుకు తినడం లేదో. ఆ సినిమా తెచ్చిన నా చేతులు విరిచేసుకోవాలనిపించింది. ఏ లోకాన్నీ నమ్మని నేను ఆమె పక్కన కూర్చుని, "ఆడ బెంచీలున్నాయమ్మా. ముందల ఉన్నాయి. నువ్వప్పుడు బియ్యం ఏరతన్నావు, సూడలేదు" అన్నాను.

ఆ సినిమాలో బెంచీ ఒక్కటి కూడా లేదు. అందరూ నిలబడే ఉంటారు.

అమ్మ నా మొహంలోకి చాలాసేపు చూసింది.

"పడుకోడానికి సరిపోద్దేటి?"

"సరిపోద్ది."

గంజి గిన్నె దగ్గరికి లాక్కుంది. కొంచెం తాగింది. గిన్నె కింద పెట్టి అప్పుడు ఏడ్చింది. నాన్న పోయాక ఆమె ఏడవడం అదే మొదలు.