పాత పెట్టెలో కొత్త రోటర్

మా ఆయన మేనమామకి ఏ వస్తువునైనా ముందు వాసన చూసే అలవాటు. కొత్తిమీర కట్టనీ చూసేవాడు, కారు సామాన్నీ చూసేవాడు. నచ్చకపోతే తెచ్చినవాళ్ల ఎదురుగానే చెత్తడబ్బాలో పడేసేవాడు. పెళ్లయి సింగపూర్ వచ్చిన కొత్తలో మేమిద్దరం బిషాన్‌లో ఆయన ఫ్లాట్‌లోనే ఒక గదిలో ఉండేవాళ్లం. నేను వండినవి ఎన్ని ఆ డబ్బాలోకి వెళ్లాయో లెక్కపెట్టలేదు గానీ ఒక్కటీ మర్చిపోలేదు.

ఆయనది కాకినాడ వైపు. నలభై ఏళ్ల కిందట ఇక్కడ ఓడల మరమ్మతు యార్డులో ఫిట్టర్‌గా చేరాడు. నేను వచ్చేసరికి రిటైరయ్యాడు, భార్య పోయింది, పిల్లల్లేరు. ఉన్నది ఒక కారు. అరవైల నాటి ఇంగ్లీషు కారు, మీగడ రంగు. ఇంటి పక్క పార్కింగ్ భవనంలో నాలుగో అంతస్తులో, గొడుగు గుడ్డ కప్పుకుని ఉండేది. పెళ్లాం పోయినప్పుడు కళ్లల్లో నీళ్లు రాలేదట, కారు తలుపుకి సొట్ట పడినప్పుడు ఏడ్చాడట. ఈ సంగతి ఇంకెవరో చెప్పింది కాదు, ఆయనే నవ్వుతూ చెప్పుకునేవాడు.

ఆదివారం పొద్దున్నే ఆ నాలుగో అంతస్తుకి జనం వచ్చేవాళ్లు. పాత కార్లు పెంచుకునే పిచ్చి ఉన్నవాళ్లు: చైనీయులు, తమిళులు, ఇద్దరు మలాయ్ అన్నదమ్ములు. ఇక్కడి పద్ధతిలో ప్లాస్టిక్ సంచిలో కట్టించుకున్న కాఫీ ఒక చేత్తో, కొత్తగా తెప్పించిన సామాను ఇంకో చేత్తో పట్టుకుని వరసలో నిలబడేవాళ్లు. ఆ కార్లు చేసిన కంపెనీలు మూతబడి ఎన్నాళ్లో అయింది. అసలు సామాను దొరకదు. దొరికేవన్నీ నకళ్లే. అవి ఏడాదికేడాదికీ నాసిరకం అయిపోతున్నాయని అందరూ గోల పెట్టేవాళ్లు. ఈయన ఒక్కొక్కటే తీసుకుని వేళ్లతో తడిమి, వాసన చూసి, తీర్పు చెప్పేవాడు.

"దీన్ని చేసినోడు కారు చూశాడా? పోనీ బొమ్మలో అయినా చూశాడా? పారెయ్ లా!" మాట చివర ఆ 'లా' తగిలించడం నలభై ఏళ్ల సింగపూర్ అలవాటు. ఆయన పారెయ్ అంటే వాళ్లు నిజంగానే పారేసేవాళ్లు. కన్ను మసకేసినా, ఒక కంటికి శుక్లం తీయించుకున్నా, ఆ వేళ్ల మీద వాళ్లకి అంత గురి.

నకళ్లు ఎందుకు పాడవుతున్నాయో ఒకసారి నాకు చెప్పాడు. "చూడమ్మాయ్, అసలుదాన్ని చూసి ఒకడు చేశాడు. వాడు చేసిందాన్ని చూసి ఇంకోడు చేశాడు. ఆడి దగ్గర్నించి మరోడు. ప్రతివాడూ వెంట్రుకంత తేడా చేస్తాడు. పదోవాడి దగ్గరికొచ్చేసరికి పేరొకటే మిగులుతుంది."

నాకు నవ్వొచ్చింది. "మామయ్యా, కంప్యూటర్లో కాపీకి కాపీ, దానికింకో కాపీ తీసినా అక్షరం కూడా తేడా రాదు తెలుసా?"

"అయితే నీ కంప్యూటర్నే కారుకి బిగించు."

నేనా మాట ఊరికే అనలేదు. అది నా నమ్మకం. కంప్యూటర్ చదువు చదివిన ప్రతివాళ్లకీ విమానం టికెట్ చేతికొస్తున్న రోజులవి. జురాంగ్ ఈస్ట్‌లో ఒక చిన్న ఆఫీసులో నాకు ఉద్యోగం దొరికింది. పాత కార్ల సామాన్లు ఇంటర్నెట్‌లో అమ్మే ఆఫీసు. నలుగురం మనుషులం, ఎనిమిది కంప్యూటర్లు, నా కంటే రెండేళ్లు చిన్నవాడైన స్థానిక యజమాని. ప్రపంచంలోని పాత కార్లన్నీ మన చేతిలోకి వచ్చేస్తాయనేవాడు. నా పని పేజీలు తయారుచేయడం, కొన్నవాళ్ల మెయిళ్లకి జవాబులివ్వడం.

మేం అమ్మిన మొదటి సరుకు రోటర్. కారు ఇంజన్లో డిస్ట్రిబ్యూటర్ అని ఒకటుంటుంది, దాని మూత కింద గిర్రున తిరిగే బొటనవేలంత నల్లటి ముక్క. ఏ సిలిండర్‌కి ఎప్పుడు నిప్పురవ్వ అందాలో అది అందిస్తుంది. అది లేకపోతే అంత కారూ ఇనప ముద్ద. మామయ్య కారుకి సరిగ్గా సరిపోయేది. నేను ముచ్చటపడి ఒకటి రిబ్బన్ చుట్టి తెచ్చాను. ఆ రోజు ఇంట్లో భోజనాలు. మా ఊరివాళ్లూ, మా ఆయన స్నేహితులూ, మొత్తం పదిమంది.

మామయ్య రిబ్బన్ విప్పాడు. వాసన చూశాడు. గోటితో గీకాడు. లేచి వెళ్లి చెత్తడబ్బా మూత తీసి అందులో పడేశాడు. వచ్చి కూర్చుని, పప్పు కలుపుకుంటూ అన్నాడు: "మీ ఆఫీసు సరుకూ, నువ్వు చేసే పప్పూ ఒకటేనమ్మాయ్. చూడ్డానికే ఉంటాయి."

పదిమందీ ఘొల్లున నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వడ్డించాలి కాబట్టి వడ్డించాను. అంట్లు తోమాలి కాబట్టి తోమాను. తోమడం అయ్యాక చెత్తడబ్బాలో చెయ్యిపెట్టి ఆ రోటర్ తీసి, కడిగి, తుడిచి దాచుకున్నాను.

ఆయన దగ్గర ఒక బిస్కట్ల డబ్బా ఉండేది. అసలు కంపెనీ సామాన్లు, ఎప్పుడో ఏజెంటు దుకాణం మూసేస్తుంటే తెచ్చుకున్నవి. అందులో ఒకే ఒక్క రోటర్ మిగిలింది. పసుపు అట్టపెట్టెలో, నూనె కాగితంలో చుట్టి ఉంది. కారుకి ప్రభుత్వ తనిఖీ దగ్గరపడుతోంది. గడువులోగా పాసైతే ఇంకొన్నాళ్లు రోడ్డు మీద తిరుగుతుంది, లేకపోతే తుక్కు. కారులో ఉన్న రోటర్ కొస కాలిపోయింది, తనిఖీ ముందు ఈ ఆఖరిదాన్ని బిగిస్తానని ఆయన రోజూ అంటూనే ఉన్నాడు.

ఒక మధ్యాహ్నం ఆయన మార్కెట్‌కి వెళ్లినప్పుడు డబ్బా తెరిచి, అసలుదాని పక్కనే నాదాన్నీ నూనె కాగితంలో పెట్టాను. మూడు వారాలు అలాగే ఉంచాను. వాసన పట్టాలి కదా మరి! మూడు వారాలయ్యాక అసలుదాన్ని తీసి నా చీరల అడుగున దాచాను. నాది పసుపు పెట్టెలో ఉండిపోయింది. నా ఉద్దేశం ఒకటే. ఆయన దాన్ని చూసి ఆహా ఓహో అనాలి, అదే పదిమంది ముందు నేను లేచి, మామయ్యా మీరు మెచ్చుకున్నది చెత్తడబ్బాలోది అనాలి. ఆయన ముఖం చూడాలి. కారుకేమవుతుంది? కాపీ అంటే కాపీయేగా.

ఆయన పెట్టె తెరిచిన రోజు నేను పనిగట్టుకుని అక్కడే నిలబడ్డాను. నూనె కాగితం విప్పి ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. "ఇదీ, ఇదీ సరుకంటే! చూసి నేర్చుకో అమ్మాయ్. మీ చెత్తకీ దీనికీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా." నాకు కడుపు నిండిపోయింది. కారులోంచి పాతదాన్ని తీసి సుత్తితో పిండి చేశాడు. వాడేసిన ముక్క ఇంకొకడి చేతిలో పడి మళ్లీ అమ్ముడుపోకూడదని ఆయన పట్టుదల. కొత్తది బిగించాడు.

ఆ పదిమందినీ మళ్లీ పిలిచి ఆ ఆదివారం విందు చేద్దామనుకున్నాం. శుక్రవారం ఆయన నన్ను కారులో బుకిట్ పంజాంగ్‌లో స్నేహితురాలి ఇంటి దగ్గర దింపుతానన్నాడు. ఇరవై నిమిషాలు కారు వెన్నలా వెళ్లింది. తర్వాత నడిరోడ్డు మీద టక్కున ఆగిపోయింది. వెనకనుంచి హారన్లు. ఆయన దిగి, బానెట్ ఎత్తి, అన్నీ తడిమాడు. ఏమీ దొరకలేదు. అరగంటకి ఇంజన్ చల్లారాక దానంతటదే స్టార్టయింది. ఆయన చిన్నబోయిన ముఖంతో వచ్చి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. నిజం చెప్తున్నాను, ఆ ముఖం చూస్తే నాకు హాయిగా అనిపించింది.

కారు గొడవలో ఆదివారం విందు జరగలేదు. సోమవారం ఆఫీసులో మెయిళ్లు తెరిచాను. మెల్‌బోర్న్ నుంచి ఒకడు: మీ రోటర్ బిగించాను, బండి వేడెక్కగానే ఆగిపోతోంది. ఇంగ్లండ్‌లోని లీడ్స్ నుంచి ఇంకొకడు: చల్లగా ఉంటే నడుస్తుంది, వేడెక్కితే చస్తుంది. మూడోవాడు దాన్ని రెండుగా కోసి ఫొటో పంపాడు. లోపల మేకులాంటి రివెట్ పొడుగ్గా ఉంది, నల్ల పదార్థం నాసిరకం, వేడికి కరెంటు లోపల్నించే కారిపోతోందని రాశాడు. యజమానికి చూపించాను. "ఏదో ఒక జవాబు రాసెయ్ లా" అన్నాడు. నేనే ఒక వాక్యం తయారుచేసి అందరికీ అదే పంపాను: సామాను మంచిదే, లోపం బిగించిన చేతిలో ఉండవచ్చు, దయచేసి సరిచూసుకోండి.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి చెప్పాల్సింది. చెప్పలేదు. విందులో చెప్పాలనుకున్నది వేళాకోళం. ఇప్పుడు చెప్పాల్సింది నేరం. ఆయన మమ్మల్ని ఇంట్లోంచి గెంటేస్తాడని భయం ఒక పక్క, పప్పు మాట ఇంకా చల్లారని కసి ఇంకో పక్క. రేపు చెప్దాం, ఎల్లుండి చెప్దాం అనుకుంటూ తేలు కుట్టిన దొంగలా తిరిగాను. అసలుది నా చీరల కింద ఉంది. ఆయన లేనప్పుడు మార్చేయొచ్చుగా అని మీరంటారు. డిస్ట్రిబ్యూటర్ మూత ఎలా తీయాలో నాకు తెలీదు. రోజూ దాని గురించి పేజీలు రాసేదాన్ని, మూత తీయడం మాత్రం రాదు.

మామయ్య మూడు వారాలు ఆ కారుతో కొట్టుకున్నాడు. వైర్లు మార్చాడు. కాయిల్ మార్చాడు. కార్బొరేటర్ విప్పి వంటింటి గట్టు మీద పరిచి మళ్లీ బిగించాడు. ప్రతిదాన్నీ అనుమానించాడు, ఒక్క రోటర్‌ని తప్ప. దాన్ని అనుమానిస్తే తల్లిని అనుమానించినట్టే ఆయనకి. ఆదివారం వచ్చినవాళ్లు పక్కన నిలబడి చూసేవాళ్లు. వాళ్లలో ఒకతను "రోటర్ చూశావా అంకుల్?" అన్నాడు. "అది అసలు సామాను లా, నోర్ముయ్" అని కసిరాడు. నేను కాఫీ గ్లాసులు అందిస్తూ అక్కడే ఉన్నాను.

తనిఖీకి వెళ్లిన మొదటిసారి కారు వరసలోనే ఆగిపోయింది. నలుగురు తోసి పక్కన పెట్టారట. రెండోసారి యంత్రం మీదికి ఎక్కించాక ఆగింది. గడువు అయిపోయింది. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని ఆయన తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకున్నాడు. "నలభయ్యేళ్లు సామాన్లని తిట్టానురా" అన్నాడు మా ఆయనతో. "ఈసారి తిట్టడానికి సామాను లేదు. చెయ్యే పోయింది." పప్పన్నం తిన్నాడు. బాగుందమ్మా అన్నాడు. ఆ ఇంట్లో నేను విన్న మొదటి మెప్పు అదే.

తుక్కు లారీ వచ్చే రోజు పొద్దున్న ఆయన కారులోంచి ఒక్క రోటర్ మాత్రం తీసుకున్నాడు. తుడిచి, నూనె కాగితంలో చుట్టి, పసుపు పెట్టెలో పెట్టాడు. బిస్కట్ల డబ్బా మొత్తం చంకలో పెట్టుకుని నాతోపాటు రైలెక్కి మా ఆఫీసుకి వచ్చాడు. నేను దారిలో చెప్పేస్తాననుకున్నాను. రైల్లో మూడుసార్లు నోరు తెరిచాను. "ఏవిటమ్మాయ్?" అన్నాడు మూడోసారి. "ఏం లేదు మామయ్యా, తర్వాత స్టేషనే" అన్నాను.

ఆయన మా యజమాని బల్ల మీద పసుపు పెట్టె పెట్టాడు. "నాకిక పన్లేదు. ఇదొక్కటే మిగిలిన అసలుది. దీన్ని చూసి చేయించండి. ఇకనైనా సరిగ్గా చేయించండి." యజమాని లేచి నిలబడి రెండు చేతులతో అందుకున్నాడు. నాతో ఆ రోజే కొత్త పేజీ రాయించాడు: అసలు నమూనా చూసి తయారైనది, నలభై ఏళ్ల అనుభవం ఉన్న ఫిట్టర్ పరీక్షించి ఇచ్చినది. మా నకలుకే మళ్లీ నకలు. పాతదానికంటే బాగా అమ్ముడుపోయింది.

రెండు నెలల తర్వాత ఒక ఆదివారం తలుపు చప్పుడైంది. ఆ మలాయ్ అన్నదమ్ముల్లో చిన్నవాడు. అప్పటికి నాలుగో అంతస్తుకి ఎవరూ రావడం లేదు. అతని చేతిలో మా ఆఫీసు పెట్టె. బండి వేడెక్కగానే ఆగిపోతోంది అంకుల్, ఒక్కసారి దీన్ని చూడవా అని బతిమాలాడు. నేను వంటింట్లో పప్పు కలుపుతున్నాను. పొయ్యి కట్టేసి గుమ్మం దగ్గరికి వచ్చాను.

మామయ్య పెట్టె తెరవలేదు. వాసన చూడలేదు. పైనున్న అక్షరాలు కంటి దగ్గర పెట్టుకుని చదివాడు, అసలు నమూనా చూసి తయారైనది అని నేను రాసినవే.

"సామాను మంచిదే లా" అన్నాడు మెల్లగా, పెట్టె అతని చేతిలో పెడుతూ. "లోపం నీ చేతిలో ఉంది. ఇంటికెళ్లి సరిగ్గా బిగించుకో."