ముందే బిగించిన మోటరు

దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మధ్య మెట్రో స్తంభాలు లేస్తున్న ఏడాది జూన్‌లో, ఎల్బీనగర్ అవతల ఒక ఇంజనీరింగ్ కాలేజీలో వర్క్‌షాప్ సూపరింటెండెంటుగా చేరాను. నా కింద ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు, వాళ్ల కింద మెకానిక్ యాదగిరి. బడంగ్‌పేట్ నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. అంతకుముందు బోరు మోటర్లు బాగుచేసేవాడు.

ఆ విద్యా సంవత్సరం చివర్లో ఫైనలియర్ అమ్మాయి స్వప్న తన ప్రాజెక్టుగా చెరువు నీటి నమూనాలు తెచ్చే చిన్న పడవ చేసింది. అది నడవకపోతే పాసవదు, వచ్చిన ఉద్యోగమూ దక్కదు. పరీక్షకు నాలుగు రోజులే ఉన్నాయి. మోటరు షాఫ్టును, వెనక రెక్క తిప్పే షాఫ్టును కలిపే రబ్బరు గొట్టం మాటిమాటికీ తెగిపోతోంది.

మాది గోదావరి పక్క. పడవల సంగతి నాకొకరు చెప్పాలా అనుకున్నాను. డ్రాయింగ్ ప్రకారం కొలిచి, మోటరును నేనే గట్టిగా బిగించి, ఆ తర్వాత గొట్టం తొడిగాను. మూడు రోజుల్లో మూడు గొట్టాలు తెగాయి. కర్మన్‌ఘాట్ హనుమంతుడికి మొక్కుకున్నానని చెప్పి స్వప్న తల దించుకుంది. ఆ పిల్ల మొహం చూడలేకపోయాను.

బెంచీ తుడుస్తున్న యాదగిరిని అప్పుడడిగాను, నీకేమనిపిస్తోందని.

"బోల్టులు జర లూస్ చెయ్యున్రి సార్. ముందుగాల రెండు షాఫ్టులను కలవనీయున్రి. మోటర్ ఏడ కూసోవాల్నో గదే చెప్తది."

పడవ అడుగు చేత్తో పోసి చేసినది, డ్రాయింగంత తిన్నగా లేదు; అందుకే రెండు షాఫ్టులూ ఒక గీతలో లేక గొట్టం తెగుతోంది. యాదగిరి రెండు షాఫ్టులనూ ఒకే ఇత్తడి గొట్టంలోకి దూర్చి ఒక గీతలోకి తెచ్చాడు. మోటరు కింద మిగిలిన సందులో పరీక్షలు రాసే పాత అట్ట ముక్కలు పెట్టి, అప్పుడు బోల్టులు బిగించాడు. ఇత్తడి గొట్టం తీసి రబ్బరుది తొడిగాడు. షాఫ్టును రెండు వేళ్లతో తిప్పితే ఎక్కడా పట్టలేదు.

"మూడు రోజులుగా చూస్తూ చెప్పలేదేం?"

"మీరు అడగలే సార్."

సిగ్గుపడ్డాను.

పరీక్షనాడు పడవ నీళ్ల తొట్టిలో ఆగకుండా చుట్లు తిరిగింది. మోటరు ఎవరు కలిపారని ఎగ్జామినర్ అడిగితే, స్వప్న "యాదగిరి సార్ కలిపిండ్రు" అంది. ఆ వర్క్‌షాప్‌లో ఆయన్ని సార్ అనడం అంతవరకు నేను వినలేదు. ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుని తొట్టిలోంచి పడవ పైకి తీశారు.

ముందే బిగించేసిన దాన్ని ఏ గొట్టమూ సరిచేయలేదు. రిటైరయ్యే దాకా ఏ బోల్టయినా యాదగిరి గారిని అడిగాకే బిగించాను.