తంకస్ ముక్కు ఉన్న రాక్షసుడు

కెర్తి రెండు రాళ్ళను రుద్ది కలిపితే మధ్యలో చీమకు కూడా దారి ఉండేది కాదు. ఒకసారి ఓ చీమ తొందరపడి ఆమె కట్టిన గుడిగోడలో దూరి ఇరుక్కుపోయిందనీ, అప్పటినుంచి వాన పడ్డప్పుడల్లా ఆ గోడ గిలిగింతలతో మెలికలు తిరుగుతుందనీ బలి ద్వీపంలోని ఆ ఊరివాళ్ళు ఇప్పటికీ ప్రమాణం చేసి చెబుతారు.

అక్కడ విగ్రహాలకు సున్నం, సిమెంటు వాడరు. మెత్తని బూడిదరంగు రాళ్ళను ఒకదానిపై ఒకటి పెట్టి, నీళ్ళు చల్లుతూ, అవి అరిగి అతుక్కునేదాకా రుద్దుతారు. రుద్దడం ఆడవాళ్ళ పని, చెక్కడం మగవాళ్ళది. కెర్తి రుద్దేది, ఆమె మొగుడు లొద్ర చెక్కేవాడు.

శ్మశానం పక్కనున్న గుడికి కాపలా రాక్షసుణ్ణి చెక్కుతూ, కాళ్ళూ పొట్టా పూర్తయ్యాక లొద్ర జ్వరంతో పోయాడు. ఆ ఊళ్ళో పోయినవాళ్ళందరికీ కొన్నేళ్ళకోసారి ఊరంతా కలిసి ఒకేసారి దహనం చేస్తారు; అప్పటిదాకా అతణ్ణి మట్టిలో ఉంచారు.

"తల చెక్కడానికి పొరుగూరి మగవాణ్ణెవరినైనా పిలిపిస్తా" అన్నాడు ఊరిపెద్ద తంకస్. "నువ్వు రాళ్ళు రుద్దుకో, కెర్తీ."

ఆమె రాళ్ళు రుద్ది అతికించింది. ఆ తర్వాత ఉలి కూడా తీసుకుంది. కోరలు, గుడ్లు, పనసతొనలంత ముక్కుపుటాలు. ముసుగు తీసిన రోజు ఊరంతా ఒకసారి రాక్షసుణ్ణి చూసింది, ఒకసారి తంకస్‌ను చూసింది.

ఆ వారమే సభ పెట్టించి, అందర్నీ గుడి ముందు కూర్చోబెట్టాడు తంకస్. "ఆ ముక్కు మార్చాలి. మార్చకపోతే వెలి. నీతో ఎవరూ మాట్లాడరు. దహనంలో నీ మొగుడికి చోటుండదు."



"ఎవరి ముక్కంటావు అది, అన్నా?" అడిగింది కెర్తి.

"నాదే!"

"నాకలా అనిపించడం లేదే. పక్కన నిలబడి చూపించు."

తంకస్ నిలబడ్డాడు. "కళ్ళు లేవా మీకు?" అని గర్జించాడు. గుడ్లు బయటికొచ్చాయి, పుటాలు విచ్చుకున్నాయి, తాంబూలంతో ఎర్రబడ్డ నోరు తెరుచుకుంది.

"కాస్త ఆగండయ్యా," అన్నాడు ఓ ముసలాయన, "ఇద్దరిలో ఎవరు మాట్లాడుతున్నారో తెలీడం లేదు."

నవ్వులు ఆగేసరికి చెట్లకు కట్టిన కల్లుకుండలు నిండి పొంగిపోయాయంటారు. అయితే కెర్తికి అదే చిక్కయింది. పోలిక రుజువైపోయింది కనుక ముక్కున్న రాయి తీసి వేరేది పెట్టమన్నాడు పూజారి.

"తీసుకోండి. అతుకు ఎక్కడుందో చూసుకోండి" అందామె.

నీళ్ళు పోసి చూశారు. గోళ్ళతో తడిమారు. ఎక్కడా అతుకు తగల్లేదు.

"నువ్వే చూపించు" అన్నాడు తంకస్.

"చూపించను."

"లొద్ర మట్టిలోనే ఉండిపోతాడు. ఆలోచించుకో."

కెర్తి రాతిపొట్ట మీద, మొగుడి ఉలిగీతల మీద చెయ్యి ఆనించుకుంది.

"ఆలోచించే చెక్కాను. ఆయన చెక్కిన పొట్టకి నేను చెక్కిన తల అతికించాను. విడదీయాలంటే పగలగొట్టాల్సిందే. నీ చేత్తో నువ్వే పగలగొట్టు. ముక్కలైన కాపలావాడు గుడికి పనికిరాడు కదా, గుడి పండగనాడు వాడి చోట నువ్వు నిలబడు. కోరలు నేను చెక్కి పెడతాను."

"వెలి వేయాలన్నవాళ్ళు చేతులెత్తండి!" అని అరిచి తన చెయ్యి ఎత్తాడు తంకస్. అతని భార్య కూడా ఎత్తి, అతణ్ణి తప్పుకోమన్నట్టు ఊపింది. "కొంచెం పక్కకి జరుగు," అంది, "ఆ ముక్కు నాకు సరిగ్గా కనిపించడం లేదు."

ఇంకో చెయ్యి లేవలేదు.

దహనం రోజున లొద్రకూ శవాన్ని మోసుకెళ్ళే ఎత్తైన వెదురు గోపురం కట్టారు. మొదటి వెదురు కింద ఊరిపెద్ద భుజం పెట్టడం ఆచారం. తంకస్ మూలుగుతూ పెట్టాడు. కెర్తి గోపురానికి కట్టిన తెల్లగుడ్డ చివర పట్టుకుని ముందు నడుస్తూ వెనక్కి తిరిగింది.

"వంగకు, అన్నా. బతికున్నప్పుడూ ఆయన బరువైన మనిషే."