నేను పేరు పెట్టి అడిగిన మందు

గల్ఫ్ ఎడారిలో ఇబ్రి అనే ఊళ్లో మా కంపెనీ స్కూలు బిల్డింగు కడుతున్న రోజులు, తొంభైల మొదట్లో. ఒక పొద్దున సైట్‌లో సిమెంటు బస్తా దించుతుంటే రొమ్ములో నిప్పు పెట్టినట్టు మంట లేచింది. గుండె జబ్బే అనుకున్నాను. డాక్టరు 'అన్‌ఫిట్' అని రాస్తే కంపెనీ ఇంటికి పంపేస్తుంది. అందుకే ఎవరికీ చెప్పలేదు.

నేను బడిలో చదివింది ఏడో తరగతి. మిగతాదంతా జగిత్యాల లైబ్రరీలో నేర్చుకున్నదే, ఇంగ్లీషుతో సహా. ఇంజనీరు పారేసిన అమెరికా పత్రికలు తెచ్చుకొని చదివేవాణ్ని. ఒకదాంట్లో నిండు పేజీ బొమ్మ: పచ్చికలో ఒక దొర రొమ్ము మీద చెయ్యి వేసుకొని హాయిగా గాలి పీలుస్తున్నాడు. కింద మందు పేరు, 'మీ డాక్టరును అడగండి' అన్న మాట. జబ్బు పేరు లేదు. చెయ్యి రొమ్ము మీదే ఉంది కదా, నాకు అర్థమైపోయింది.

మా రూమ్‌లో ఉండే గంగారాం అన్న బొమ్మ చూసి, "గీ దొరకు ఏం నొప్పున్నదిరా? మొఖం జూస్తే దావత్ తిన్నట్టున్నది" అన్నాడు.

"మందు మింగినంక దిగిన ఫోటో అన్నా అది."

జబ్బు సంగతి ఎత్తకుండా మందు మాత్రం అడిగి తెచ్చుకుందామని క్లినిక్‌కు పోయాను. డాక్టరు గుంటూరాయన. పేజీ చూసి కళ్లజోడు తీశాడు.

"ఏమయ్యా, ఇది పూల పుప్పొడి పడక తుమ్ములొచ్చేవాళ్లకి. ఇబ్రిలో నీకు పచ్చిక ఎక్కడ దొరికింది?"

"ఆ ముక్క ఇందులో రాయలేదేం సార్?"

"రాస్తే తుమ్మేవాడే వస్తాడు. రాయకపోతే నువ్వూ వస్తావు. ఈ ప్రకటనలు జనానికి చూపించొచ్చా కూడదా అని అమెరికాలో డాక్టర్లే వాదులాడుకుంటున్నారు."

"తెలుసుకోవడం తప్పా సార్?"

"తప్పు కాదు. అమ్మేవాడు అమ్మడానికి కావలసినంతే నేర్పుతాడు. సరే, నీకు బాధ ఎక్కడ?"

ఇక దాచలేకపోయాను. ఈసీజీ తీశారు, నార్మల్. "మందులేమైనా మింగుతున్నావా?" అన్నాడు. మా రూమ్‌లో అందరికీ కలిపి ఒక డబ్బా ఉండేది. సెలవుకు పోయొచ్చిన ప్రతివాడూ ఊరి నుంచి తెచ్చిన గోళీలు అందులో పోసేవాడు. డ్యూటీకి ముందు పరగడుపున పెయిన్‌కిల్లర్ వేసుకోవడం నాకు చాయ్ తాగినంత అలవాటు.

"గ్యాస్ట్రైటిస్. నీ గుండె ఫిట్. ఆ డబ్బాయే అన్‌ఫిట్."

ఆయన ఇచ్చిన క్యాప్సూళ్లతో మంట తగ్గింది. తగ్గిందన్న సంబరంలో గంగారాం అన్న మామిడి తొక్కు పచ్చడి మీద పడ్డాను, మళ్లీ మొదలైంది. మళ్లీ క్యాప్సూళ్లు, మళ్లీ చప్పిడి కూడు.

ఇప్పుడు బాగున్నాను, అదే కంపెనీలో ఉన్నాను. ఆ ప్రకటన మీద నాకు కోపం లేదు. అది కనబడకపోతే భయంతో ఆ క్లినిక్ గడప తొక్కేవాణ్నే కాను. మీకు చెప్పేది ఒక్కటే: డాక్టరు దగ్గరికి మీరు మింగాలనుకుంటున్న మందు పేరు కాదు, ఇప్పటికే మింగుతున్నవన్నీ పట్టుకుపోండి.