వాన కడగలేని నెమలి

మనవరాలు పూలకుండీలకు రంగులేస్తుంటే తడిమట్టి వాసన తగిలింది. "కుంచె పక్కకు పెట్టి, నేను చెప్తున్నది కాయితం మీద రాయవే" అన్నాను. నా ఈడు వాళ్లారా, చిన్నప్పుడు ఉగాదికి ముందు ఇంట్లోని ఓటికుండలన్నీ మన చేతికే వచ్చేవి, యాదుందా? వాటికి ఎర్రమట్టి జాజు పూసి, సున్నంతో బొమ్మలు గీసి, బంతినారు నాటేవాళ్లం.

మాది మోత్కూరులో మగ్గాల ఇల్లు. ఓ ఏడు బడికి పోయే అన్న తన రంగులు తానే కలుపుకున్నాడు. నావి అవ్వ కలిపి ఇచ్చింది. నేను కుండ మీద వేలితో నెమలిని గీస్తే అన్న పడీపడీ నవ్వాడు.

"అచ్చరం రానిదానివి, నీకు బొమ్మలెందుకే? గిది నెమలా, కోడిపెట్టా?"

ఆ సాయంత్రమే వాన దంచింది.

"అవ్వా, నా నెమలి పోతాంది!" అని ఏడ్చాను.

అవ్వ మగ్గం మీది నుంచి లేవనైనా లేవలేదు. "యాడికి పోదు తియ్యి. నీ రంగులల్ల మగ్గం మీది పడుగు దారాలకు పెట్టే గంజి కలిపిన. నూలును పట్టుకున్న గంజి నీ నెమలిని ఇడుస్తదా?"

వాన వెలిశాక చూస్తే గోడల జాజంతా వాకిట్లో ఎర్రగా పారుతోంది. అన్న కుండ మీద చుక్క మిగల్లేదు. నా నెమలి మాత్రం తడిసి, తెల్లగా మెరుస్తూ పురివిప్పి నిలబడింది. అన్న నోరు తెరిచాడు.

నాకు ఈనాటికీ అక్షరం రాదు. కానీ నేను గీసిన గీతను వాన చెరపలేకపోయింది. అది కూడా రాయవే.